సోమవారం నాటి మనిషి

సోమవారం సాయంత్రం అయ్యేసరికి ఇప్పటికీ నాకు మనసు మనసులో ఉండదు. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నేనూ అలాగే అనుకోనిస్తాను. పుప్పాలగూడలో మేముండే ఫ్లాటు బాల్కనీలోంచి రాయదుర్గం వైపు చూస్తే అద్దాల భవనాలు కనిపిస్తాయి. వాటి కింద ఎక్కడో నేను పదేళ్ళు కిరాయికున్న ఇల్లు ఉండేది. ఆ ఇంటి మనిషికి నేనొక అన్యాయం చేశాను. దానికి ఇంతవరకు నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అరవైల చివర గోదావరి జిల్లా నుంచి బడిపంతులు ఉద్యోగం మీద ఆ ఊరొచ్చాను. బస్సు దిగి బండల మధ్య కాలిబాటన చాలా దూరం నడవాలి. దారి పొడుగునా సీతాఫలం పొదలు, ఈత చెట్లు. నాకు గది ఇచ్చింది ఒక ముసలమ్మ. ఆమె, ఆమె కొడుకు ఈత చాపలు అల్లి అమ్ముకునేవారు. కొడుక్కి ముప్పై ఏళ్ళుంటాయి. పంచె, బనీను, మీసం లేని ముఖం, వెనక్కి ముడేసిన పొడుగాటి జుట్టు. మాట తక్కువ. బస్సు దిగిన దగ్గర్నుంచి నా ట్రంకుపెట్టె నెత్తిన మోసుకొచ్చి గదిలో దించి, నేను వద్దంటున్నా గది ఊడ్చి వెళ్ళాడు. అది సోమవారం.

మర్నాడు పళ్ళు తోముకుంటూ వాకిట్లోకి వెళితే అదే మనిషి ఎర్ర చీర కట్టుకుని, ముఖం నిండా పసుపు, రూపాయి కాసంత బొట్టు, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నాకు నవ్వాగలేదు. "ఏంటన్నా ఈ వేషం?" అన్నాను. ముసలమ్మ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"సారూ, గియ్యాల మంగళారం. గియ్యాల నా కొడుకు ఇంట్ల లేడు. అమ్మ ఉన్నది. అన్నా గిన్నా అనొద్దు."

"మరి మీ అబ్బాయి ఎక్కడికెళ్ళాడండీ?"

"గా సంగతి నాకేం ఎర్క? రేపొస్తడు. రేపు అడుగుండ్రి."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, నేను నోట్లో వేపపుల్లతో అలాగే నిలబడిపోయాను. తర్వాత ఆమె వెళ్ళి కొడుకు కాళ్ళకు పసుపు రాసి, నేలకు తల ఆనించి మొక్కింది. బుధవారం పొద్దున్నే అదే కొడుకుని, మట్టలు నానెయ్యలేదని, తిని కూసుంటే ఎట్లెల్తదని దులిపేసింది. రెండూ మనస్ఫూర్తిగానే చేసింది.

ఎల్లమ్మ పూనే మనిషిని ఆ వైపు శివసత్తి అంటారు. ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళ మీదికీ వస్తుంది. మగవాణ్ణి కోరుకుంటే అతను ఆమె రోజుల్లో చీర కట్టాలి, గాజులు తొడగాలి. ఇతనికి పన్నెండో ఏట జ్వరం వచ్చి నెల్లాళ్ళు దిగలేదట. జుట్టు జడలు కట్టింది. బైండ్ల పూజారి వచ్చి జమిడిక వాయిస్తూ అమ్మవారి కథ చెబుతుంటే, మంచంలోంచి లేవలేనివాడు లేచి నిలబడి తల్లిని చీర అడిగాడట. అప్పట్నుంచి మంగళవారాలు, శుక్రవారాలు ఆమెవి. మిగతా ఐదు రోజులు ఇతనివి. పెళ్ళి చెయ్యాలని ఎవరూ అనుకోలేదు.

ఆ రెండు రోజులూ చుట్టుపక్కల నుంచి, గచ్చిబౌలి నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. తప్పిపోయిన మేక, నిలవని కడుపు, అన్నదమ్ముల తగాదా, ఏదైనా ఆమెనే అడిగేవాళ్ళు. ఆమె తలొంచుకుని కూర్చునేది. కాసేపటికి భుజాలు అదిరేవి, మెడ మీద రోమాలు లేచేవి. మాట లావుగా వచ్చేది. తనకు తెలియనిది తెలియదనే చెప్పేది. అది నాకు బాగా నచ్చేది. సోదె చెప్పేవాళ్ళు మావైపు చాలామంది ఉన్నారు గాని, తెలవదు పో అన్న సోదె నేనెక్కడా వినలేదు.

ఒకసారి ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని గొడవలైన రోజుల్లో, పట్నం నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు నా సామాను వీధిలో పడేశారు. అది శుక్రవారం. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపి గడప దాటి వచ్చి నా ట్రంకుపెట్టె మీద కూర్చుంది. "వీడు నా బిడ్డ. వీణ్ణి పంపాల్నంటే నన్ను లేపుండ్రి" అంది. ఎవరు లేపుతారు? వాళ్ళు చెప్పులు విప్పి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు శనివారం అతనికి కృతజ్ఞత చెప్పబోతే సిగ్గుపడి, "నేను లేకుంటి గద సారూ" అన్నాడు.

దేవుళ్ళలో ఈ ఇద్దరితనం నాకు కొత్త కాదు. మా మామ్మ పూజగూట్లో అర్ధనారీశ్వరుడి పటం ఉండేది. నిలువునా గీత గీసినట్టు ఇటు విభూతి, అటు పసుపు. మావైపు ర్యాలి గుడిలో కేశవస్వామి ముందు నుంచి చూస్తే మగవాడు, పూజారి దీపం వెనక్కి తీసుకెళ్ళి చూపిస్తే కొప్పు ముడుచుకున్న మోహిని. చిన్నప్పుడు ముందుకీ వెనక్కీ పరుగెత్తి చూసేవాణ్ణి. అమృతం పంచడానికి విష్ణువు ఆడదైతే చేతులు జోడించేవాణ్ణి, చాపలల్లే మనిషి చీర కట్టేసరికి వేషం అన్నాను. నా చదువు ఆపాటిది.

ఈ సంగతులన్నీ సాయంత్రాలు అతనికి చెప్పేవాణ్ణి. అతను మట్టలు చీలుస్తూ వినేవాడు. అర్ధనారీశ్వరుడి గీత మాట విని నవ్వాడు.

"దేవుండ్లకు గీత యాడుంటది సారూ? బొమ్మ గీసెటోడు గీసుకున్నడు."

"మరి నీకు మంగళవారానికీ బుధవారానికీ మధ్య గీత లేదా?"

"చీరకున్నది. నాకు లేదు." కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు. "అమ్మొస్తె ఇల్లు ఇడిచి అరుగు మీద కూసున్నట్టుంటది. లోపట ఎవరో ఊడుస్తున్న సప్పుడు ఇనబడ్తది. బుధారం నేను లోపటికి వోతె ఇల్లు సాఫుగుంటది. గంతే."

నేనది విన్నాను. అర్థమైందనే అనుకున్నాను.

ఎమర్జెన్సీ రోజులొచ్చాయి. పంతుళ్ళందరినీ పిలిచి, ఒక్కొక్కరు ఇన్ని కుటుంబ నియంత్రణ కేసులు తేవాలని చెప్పారు. ఆపరేషనుకి ఒప్పించి తీసుకొచ్చే మగమనిషిని కేసు అనేవాళ్ళు. తేనివాళ్ళని అడవి జిల్లాలకు బదిలీ చేస్తామన్నారు. నాకు అప్పుడే పెళ్ళి కుదిరింది. ఆ అమ్మాయి తండ్రి, ఉద్యోగం పట్నం పక్కన కాబట్టే సంబంధానికి ఒప్పుకున్నాడు. కేసుల కోసం నేను తిరగడం మొదలుపెట్టేసరికి, పొద్దున నాకు నమస్కారం పెట్టే మగవాళ్ళు నా చొక్కా కనబడితే చాలు బండల వెనక్కి పోయేవాళ్ళు. బడికి పిల్లలూ తగ్గారు. ఐదుగురు పిల్లలున్న రాళ్ళు కొట్టే మేస్త్రీ ఒకడు దయతలచి వచ్చాడు. ఇంకొక్క కేసు తక్కువైంది. సోమవారంతో గడువు సరి.

ఆదివారం సాయంత్రం నా బుర్రకు ఆ ఉపాయం తట్టింది. నేనున్న ఇంట్లోనే ఒక మగవాడున్నాడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, రాబోరు. ఆపరేషను చేసినా పోయేదేమీ లేదు. ఎవరి కడుపూ కొట్టడం లేదు. ఇంత తేలికైన లెక్క ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మెప్పు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ముసలమ్మ ఆ రోజు ఊళ్ళో లేదు. పుప్పాలగూడలో చెల్లెలికి ఒంట్లో బాగాలేదని వెళ్ళింది. అతను ఒక్కడే చాప అంచు కుడుతున్నాడు. నేను విషయం చెప్పి, నా బదిలీ సంగతీ, పెళ్ళి సంగతీ అన్నీ చెప్పుకున్నాను. అతను సూది పక్కన పెట్టాడు.

"ఎల్లుండి మంగళారమే గద సారూ. అమ్మనడుగుండ్రి. ఆమె సరేనంటె నాకేం ఫికర్ లేదు."

"రేపే ఆఖరన్నా. ఎల్లుండికి పనికిరాదు."

అప్పుడు నేను ఆ మాట అన్నాను. "రేపు సోమవారమే కదా. రేపు ఈ ఒళ్ళు నీదే. ఆవిడది కాదుగా. నీ రోజున నీ ఒంటికి ఏం చేసుకున్నా ఆవిడకేం పని?"

అతను చాలాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు. "మీరు చదువుకున్నోళ్ళు సారూ. మీకు తెల్వదా" అన్నాడు. అది ఒప్పుకోవడం కాదు. నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఒప్పుకోలుగానే తీసుకున్నాను.

సోమవారం పొద్దున చొక్కా తొడిగి, జుట్టు ముడి కనబడకుండా తువ్వాలు చుట్టి నా వెంట వచ్చాడు. శిబిరం ఒక పెద్ద ఊరి బడిలో. బెంచీలన్నీ వరండాలో పేర్చి, తరగతి గదిలో బల్లలు వేశారు. గుమాస్తా కాగితం నింపుతూ పేరు, వయసు అడిగాడు. తర్వాత భార్య పేరు అడిగాడు. పెళ్ళికాని మనిషి కేసుగా పనికిరాడని నాకప్పుడు గుర్తొచ్చింది. గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని నా వంక చూశాడు. నా వెనక వరసలో జనం తోసుకుంటున్నారు.

"ఎల్లమ్మ" అన్నాను.

గుమాస్తా రాసుకున్నాడు. పిల్లలెందరంటే ముగ్గురన్నాను. అదీ రాసుకున్నాడు. నా పక్కన నిలబడ్డ మనిషి నా వైపు తిరిగి చూశాడు. కోపంగా చూడలేదు. ఎక్కడో తెలియని ఊళ్ళో బస్సు దింపేసిన మనిషి చూసినట్టు చూశాడు. తర్వాత లోపలికి పిలిస్తే వెళ్ళాడు. ఎక్కువసేపు పట్టలేదు.

తిరుగు దారిలో కాళ్ళు ఎడంగా వేసి నడుస్తూ, మాటిమాటికీ ఏదో బండకు చేరగిలబడుతూ వచ్చాడు. ఊరు కనబడే వేళకు ఒక్కటే అడిగాడు.

"రేపు నెత్తికి నీళ్ళు పోసుకోవచ్చునా సారూ?"

వారం దాకా నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పాడు. తలస్నానం చెయ్యకుండా ఆ చీర ముట్టుకోరు. ఆ సంగతి ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను, నాకు తట్టనేలేదు. డాక్టరన్న మాటే చెప్పాను. అతను తలూపాడు.

మంగళవారం జనం వచ్చారు. తలుపు వేసి ఉంది. జ్వరమని చెప్పి నేనే వాళ్ళను పంపేశాను. శుక్రవారమూ అంతే. పై మంగళవారం అతను తలారా నీళ్ళు పోసుకుని, చీర కట్టుకుని, పసుపు రాసుకుని అరుగు మీద కూర్చున్నాడు. బిడ్డకు వాంతులని ఒక తల్లి వచ్చి ఎదురుగా నిమ్మకాయ పెట్టి కూర్చుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎండ అరుగు దిగి వాకిట్లోకి పోయింది. భుజాలు అదరలేదు. ఆఖరికి ఆ తల్లే నిమ్మకాయ చేతిలోకి తీసుకుని, "పోయొస్త తల్లీ" అని లేచింది.

మళ్ళీ శుక్రవారం, మళ్ళీ మంగళవారం. ఎన్నో అయ్యాయి. సాయంత్రాలు అతను నాతో మాట్లాడడం మానలేదు. ఒకరోజు తనంతట తనే అన్నాడు. "అరుగు మీదనే కూసుంటున్న సారూ. లోపట సప్పుడు లేదు. ఇల్లంతా దుమ్ము." ఆ రాత్రి నాకు ర్యాలి విగ్రహం గుర్తొచ్చింది. దాన్ని ముందు సగం, వెనక సగం అని కోస్తే ఇద్దరు దేవుళ్ళు రారు, పగిలిన రాయి వస్తుంది. సోమవారాన్నీ మంగళవారాన్నీ నేను అలాగే కోశాను. ఈ తెలివి నాకు శిబిరం వరండాలో రావలసింది.

ముసలమ్మకు ఎవరు చెప్పారో తెలియదు. నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడితే, తిట్టించుకోడానికి సిద్ధపడి లేచాను. ఆమె చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. అది నాకిచ్చి, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది.

"అమ్మకు కోపమొస్తె ఎర్కైతది సారూ. కోడి సస్తది, గొడ్డు సస్తది, ఇంట్లోళ్ళకు పొక్కులు పోస్తయి. ఏం గాలె. కోపం లేదు. ఆమెనే లేదు."

ఆ మజ్జిగ ఎలా తాగానో నాకు తెలియదు. ఆ తర్వాత చాలాకాలం నేను శిక్ష కోసం ఎదురుచూశాను. బండల దారిలో పాము కనబడితే ఇదేనేమో అనుకునేవాణ్ణి. నా పెళ్ళి ఏ ఆటంకం లేకుండా జరిగింది. బదిలీ రాలేదు. తలనొప్పి కూడా రాలేదు. నన్ను బిడ్డా అన్న గొంతు నన్ను శపించడానికైనా రాలేదంటే, అది ఎక్కడా లేదనే అర్థం. ఖాళీకి భయపడడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పట్టపగలు నా గదిలో పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ, వాకిట్లో చాప అల్లే చప్పుడు ఆగితే నా గొంతు ఆగిపోయేది.

వేసవికి దేశంలో అంతా మారిపోయింది. కేసుల మాట ఎత్తేవాడే లేడు. బండల వెనక దాక్కున్నవాళ్ళు మళ్ళీ నమస్కారాలు పెట్టారు. ఆషాఢంలో బోనాలొచ్చాయి. ఊరి ఆడవాళ్ళంతా నెత్తిన బోనాలతో వచ్చి నిలబడ్డారు. వానల సంగతి, ఊరి సంగతి ఆమె ప్రతి ఏడూ పచ్చికుండ మీద నిలబడి చెప్పేది. ఆ రోజూ ఆమె కుండ ఎక్కింది. కొత్త చీర, కాళ్ళకు గజ్జెలు. డప్పులు మొదలయ్యాయి. చాలాసేపు వాయించారు. డప్పు చల్లబడితే మంట దగ్గర కాచుకొచ్చి మళ్ళీ వాయించారు. ఆమె కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, చెవులొగ్గి నిలబడింది. పసుపు మీద చెమట చారలు కట్టింది. నాకు దేవుళ్ళ మీద పెద్ద నమ్మకమేమీ లేదు. అయినా ఆ గంటసేపు రా తల్లీ, రా తల్లీ అని ఏడుస్తూ మొక్కాను. ముందుగా ముసలి డప్పాయన చెయ్యి ఆపాడు. బోనాలు దింపి, మొక్కి, ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. ఆమె తనంతట తనే కుండ దిగింది.

పై ఏడు మామూలు బదిలీల్లో నాకు వేరే ఊరు పడింది. నా భార్య ముందే పుట్టింటికి వెళ్ళింది. నేను బయలుదేరిన రోజు మంగళవారం. చీర కట్టి కూర్చోవడం ఆమె మానలేదు. జనం రావడం ఎప్పుడో మానేశారు. సామాను బండికెత్తాక, నేను ఒక నిమ్మకాయ, పసుపు తీసుకుని వెళ్ళి అరుగు ముందు కింద కూర్చున్నాను. అది ఆ సోమవారానికి ముందే చెయ్యవలసిన పని.

"అమ్మా, నిన్ను అడక్కుండా తీసుకెళ్ళాను. కాగితంలో నీ పేరు భార్య పేరుగా రాయించాను. నా ఉద్యోగం కోసం చేశాను. నాకు క్షమాపణ అడిగే మొహం కూడా లేదు" అన్నాను. ఇంకేదో చెప్పబోయాను, ఏడుపొచ్చింది.

ఆమె నా నిమ్మకాయ వంక చూసింది. తర్వాత గాజులు కదిలాయి. భుజాలు అదిరాయి. ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. గొంతు లావుగా వచ్చింది.

"నీ తప్పు లేదు బిడ్డా. నేనే పోయిన. ఈ ఒంట్ల నా దినాలు అయిపోయినయి. అయిపోయినయని నేనే పోయిన. నువ్వు తీస్కపోకున్నా పోదును. పరేషాన్ గాకు. పిల్లా పాపలతోటి సల్లగుండు. పో."

ఒక్క క్షణం, ఒక్క క్షణమే, నా గుండె తేలికైపోయింది. వచ్చింది అనుకున్నాను. కృతజ్ఞతతో తలెత్తి చూశాను. మెడ మీద రోమాలు లేవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊగుతూనే, పసుపు రెప్పల కింద నుంచి, నేను నమ్మానో లేదో అని నా ముఖంలోకి చూస్తోంది.

తెలియనిది తెలియదని చెప్పడమే గాని ఆ నోట మంగళవారం నాడు అబద్ధం వచ్చి ఎరగదు. ఆ రోజు నా కోసం అబద్ధం వచ్చింది. గుమ్మంలో ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

నేను ఆమె పాదాల మీద తల పెట్టాను. "నా బరువు దిగిపోయింది తల్లీ" అన్నాను. నా తల మీద చెయ్యి ఆనింది. ఆ మాట విన్నాక ఊగడం ఆగింది, పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. నేను లేచి కళ్ళు తుడుచుకుని, బరువు దిగిన మనిషి ఎలా నడుస్తాడో అలా బండి దాకా నడిచాను.